మనోవేగంతో వెలిగొండ నీళ్లు

దేవతల్లో అందరికంటే వేగం ఎవరిదన్నది తేల్చుకోలేక ప్రపంచ పురాణాలు చాలాకాలంగా ఇబ్బంది పడుతున్నాయి. గ్రీకులు హెర్మిస్ పేరు చెబుతారు, చెప్పులకు రెక్కలున్నాయని. ఉత్తర ఐరోపావాళ్లు స్లీప్‌నిర్ అనే ఎనిమిది కాళ్ల గుర్రాన్ని దింపుతారు. మనకు సరేసరి, హనుమంతుడు. ఈ పోటీలో ఉమ్మడి ప్రకాశం జిల్లా ఊసే లేకపోవడం అన్యాయం. అందుకే నా తరఫున వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు నీళ్లను నిలబెడుతున్నాను.

నవ్వకండి. హనుమంతుడు మూలిక ఏదో తేలక కొండనే పెకలించుకొచ్చాడు. టెండరు లేదు, అటవీ అనుమతి లేదు, అంచనాల సవరణ అసలే లేదు. ఆ బిల్లు ఏ ఇంజినీరు పాస్ చేస్తాడు? మనవాళ్లు పద్ధతిగా నడిచారు. 1996లో ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కొక్కటి దాదాపు 18.8 కిలోమీటర్లు. పైన పులులుంటాయి, వాటి నిద్ర చెడకూడదు. రెండో సొరంగం తవ్వకం 2024 జనవరికి ముగిసింది. శంకుస్థాపన రోజు నుంచి లెక్కేస్తే రోజుకు రెండు మీటర్లు కూడా పడదు. రోమన్లు తమ దూతదేవుడి పేరు పెట్టుకున్న బుధగ్రహం 88 రోజులకోసారి సూర్యుణ్ణి చుట్టొస్తుంది. ఈలోగా అది వందకు పైగా ప్రదక్షిణలు చేసేసింది, ఏం పుణ్యం దక్కిందో మరి. ఆ మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. నీళ్లు మాత్రం సభకు హాజరు కాలేదు.

ఇది నత్తనడక కదా అంటారా? ఉత్తర ఐరోపావాళ్ల పిడుగుదేవుడు థోర్, ఆయన సేవకుడు థియాల్ఫి మహా పరుగుగాడు. రాక్షసుల కోటలో హుగీ అనే కుర్రాడితో మూడుసార్లు పందెం కట్టి మూడుసార్లూ ఓడాడు. తీరా చూస్తే ఆ కుర్రాడు సాక్షాత్తూ 'ఆలోచన'. గాలికంటే వేగమైనదేదని యక్షుడు అడిగితే ధర్మరాజు చెప్పిందీ అదే, మనసని. ఆంజనేయుణ్ణి కూడా ముందు 'మనోజవం' అని పొగిడాకే కదా 'మారుతతుల్యవేగం' అంటాం!

వెలిగొండ నీళ్లది ఆ వేగం. ఎన్నికల సభలో మైకు అందుకోగానే మార్కాపురం వచ్చేస్తాయి. మాట పూర్తయ్యేలోపు కనిగిరి, చప్పట్లు మొదలయ్యేసరికి నెల్లూరు జిల్లా ఉదయగిరి. దాదాపు నాలుగున్నర లక్షల ఎకరాలు ఒక్క వాక్యంతో తడిసిపోతాయి. సభ ఏ పార్టీదైనా ఫరవాలేదు, నీళ్లకు పక్షపాతం లేదు.

పైగా గంగను దించడానికి అంశుమంతుడూ దిలీపుడూ ప్రయత్నించి పోయాకే భగీరథుడి వంతు వచ్చింది. ఆ లెక్కన మనకింకా రెండు తరాల గడువుంది. తొందరపెట్టేవాళ్లు పురాణాలు సరిగా చదవలేదు.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగలేక, ట్యాంకరు కోసం బిందెలు వరసబెట్టి కూర్చున్న ఆడవాళ్లకు కాస్త టెన్షన్ ఉంటే ఉండొచ్చు. డ్రైవరుకు ఫోన్ చేస్తే సరి. "దారిలోనే ఉండా అక్కా, వచ్చేస్తన్నా" అంటాడు. వెనక టీ గ్లాసుల చప్పుడు, ఇంకెవరో రెండు బజ్జీలు చెబుతున్న గొంతు.