మహారాజశ్రీ లోపలి సిఫారసు గారికి

మహారాజశ్రీ లోపలి సిఫారసు గారికి, అంటే సంస్థలో ఉన్న పైలట్ బయటివాడి గురించి లోపల వేసే మంచిమాటకు, నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం అడగనక్కర లేదు. అమెరికాలో ఏ పెద్ద విమానయాన సంస్థ పైలట్ల నియామకాలకు తలుపు తెరిచినా ముందుగా కుర్చీ వేసేది తమరికే.

నన్ను నేనే పరిచయం చేసుకుంటున్నందుకు మన్నించాలి. తమరికి నన్ను పరిచయం చేసేవాళ్లు లేకపోవడమే కదా నా సమస్య. నేను ఒక రీజనల్ సంస్థలో, అంటే పెద్ద సంస్థల తరఫున చిన్న విమానాలు నడిపే సంస్థలో, ఫస్ట్ ఆఫీసర్‌ని, కెప్టెన్ పక్కన కుడి సీటులో కూర్చునే పైలట్‌ని. 76 సీట్ల ఎంబ్రేయర్ 175 నడుపుతాను. విమానం ఒంటి మీద ఉన్న రంగులూ పేరూ ఒక పెద్ద సంస్థవి. నా జీతం చీటీ మీద ఉండే పేరు వేరు. ఆ రంగుల అసలు యజమాని దగ్గర చేరాలన్నదే నాలాంటివారందరి కోరిక. కొన్ని రీజనల్ సంస్థలకు పెద్ద సంస్థలతో ఒప్పందాలు ఉంటాయి, వరుస వచ్చినవాడిని నేరుగా అటు పంపుతారు. మా సంస్థకు ఆ భాగ్యం లేదు. కాబట్టి తమరే దిక్కు.

నా గురించి ఈ దేశానికి తెలియనిది ఇంకేమైనా మిగిలిందా అని నాకు అనుమానం. 2009 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 విమానం ఒక ఇంటి మీద కూలి, ఆ ఇంట్లోని ఒకరితో కలిపి 50 మంది చనిపోయారు. కెప్టెన్ తాను తప్పిన పరీక్షల్లో కొన్నింటిని ఉద్యోగంలో చేరేటప్పుడు చెప్పలేదని దర్యాప్తులో బయటపడింది. చనిపోయినవారి కుటుంబాలు వాషింగ్టన్ చుట్టూ తిరిగి తిరిగి 2010లో ఒక చట్టం సాధించుకున్నాయి. అంతకుముందు 250 గంటలు ఎగిరినవాడు కుడి సీటులో కూర్చోగలిగేవాడు. ఆ చట్టం పుణ్యమా అని 2013 నుంచి 1500 గంటలు కావలసి వచ్చాయి. సైన్యం నుంచి వచ్చినవారికీ, విమానయాన డిగ్రీ చదివినవారికీ కొంత తగ్గింపు. (ఆ రోజు కాక్‌పిట్‌లో ఉన్న ఇద్దరికీ 1500 కంటే ఎక్కువ గంటలే ఉన్నాయన్నది వేరే సంగతి. చట్టం చేసేవారికి చేతికి ఒక అంకె దొరకాలి.) పైలట్ రికార్డుల డేటాబేసు పుట్టింది కూడా ఆ చట్టం నుంచే. నేను ఏ పరీక్ష తప్పానో, ఏ సంస్థ నా శిక్షణ గురించి ఏమని రాసిందో అందులో ఉంటుంది. నన్ను చేర్చుకునే సంస్థ ముందుగా అది చూసి తీరాలి.

ఇక దరఖాస్తు. పదేళ్లలో కాపురం ఉన్న ప్రతి చిరునామా, మధ్యలో ఒక్క నెల కూడా ఖాళీ రాకుండా. కారు వేగంగా నడిపి కట్టిన ప్రతి జరిమానా. ఎగిరిన గంటలు పగటివి, రాత్రివి, మేఘాల్లోవి, జెట్‌లోవి, కెప్టెన్‌గా ఎగిరినవి, వేటికవి వేరు గళ్లలో. నెలకోసారి దాన్ని తెరిచి గంటలు సరిచేసి మళ్లీ పంపకపోతే దస్త్రం అడుక్కి పోతుందని మాలో ఒక గట్టి నమ్మకం ఉంది. ఎవరు పుట్టించారో తెలియదు, నాస్తికులు కూడా పాటిస్తారు.

ఇంత అడిగి, ఇంత చదివి, ఇంత తవ్విన తర్వాత కూడా సంస్థకు ఒక్క సందేహం మిగులుతుంది. వీడు ఎవరి మనిషి? అది తీర్చడానికే తమరు అవతరించారు.

తమరి లీల తెలియని పాఠకుల కోసం కొంచెం విడమరుస్తాను. ఆ సంస్థలో ఇప్పటికే పనిచేస్తున్న పైలట్ ఒకరు ఉద్యోగుల పోర్టల్‌లోకి వెళ్లి నా పేరు నింపుతారు. ఇతను ఎంతకాలంగా తెలుసు, ఇతనితో కలిసి విమానం నడిపారా, ఇతను నడిపే విమానంలో మీ కుటుంబాన్ని ఎక్కిస్తారా అనే బాపతు ప్రశ్నలకు జవాబులు రాస్తారు. వేల దరఖాస్తుల కుప్పలోంచి నాది పైకి తేలుతుంది. కొన్నిచోట్ల ఒక్కో పైలట్ ఇన్నే రాయాలన్న పరిమితి ఉంటుంది కాబట్టి తమరికి రేషన్ సరుకు గౌరవం కూడా దక్కింది. ఉద్యోగం ఇప్పించేది తాము కాదనీ, ఇంటర్వ్యూ గుమ్మం దాకా తీసుకువెళ్లడమే తమ పని అనీ తమరు వినయంగా చెప్పుకుంటారు. స్వామీ, మేము పడిగాపులు పడుతున్నది ఆ గుమ్మం కోసమే.

నాకు తల తిరిగేది ఇక్కడ. నేను విమానం ఎలా నడుపుతానో కళ్లారా చూసినవారు ఉన్నారు. డెన్వర్‌లో అడ్డగాలి విసిరి కొడుతుండగా నేను విమానం దించినప్పుడు ఎడమ సీటులో కూర్చున్న కెప్టెన్ ఉన్నారు. సిమ్యులేటర్‌లో సరిగ్గా నేల వదిలే క్షణంలో ఒక ఇంజన్ ఆపేసి నేను ఏం చేస్తానో గమనించే చెక్ ఎయిర్‌మన్ ఉన్నారు. వారు రాస్తే చెల్లదు. వారు మా సంస్థవారు. సగం మంది నాతోపాటు తమరి వాకిట్లో నిలబడినవారే. చెల్లేది అవతలి సంస్థలో చేరినవారి మాట. అలాంటివారిలో ఎక్కువమంది నన్ను చూసింది విమానాశ్రయంలో కాఫీ దుకాణం ముందు వరసలో. చూసినవాడు రాయడానికి వీల్లేదు, రాయడానికి వీలున్నవాడు చూడలేదు.

మా దగ్గర పనిచేసి అటు వెళ్లినవారు ఉంటారు కదా అంటారేమో. ఉంటారు. అందుకే మా సంస్థలో ఎవరైనా పెద్ద సంస్థకు ఎంపికై రాజీనామా చేశారంటే వీడ్కోలుకు వచ్చే జనాన్ని చూడాలి. అతడితో ట్రిప్పు పడితే నానా తంటాలు పడి మార్చుకున్నవాళ్లే కేకు తెచ్చి, పక్కన నిలబడి ఫోటో దిగుతారు. అతడి జోకులకు ఆలస్యంగా నవ్వు వస్తుంది అందరికీ.

తమరి కోసం జరిగే తపస్సులో జంప్‌సీటుది ప్రత్యేక అధ్యాయం. కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే అదనపు కుర్చీ అది. ఒక సంస్థ పైలట్‌ను మరో సంస్థ ఉచితంగా ఎక్కించుకోవడం ఇక్కడి పాత మర్యాద. ఇల్లు ఒక ఊళ్లో, డ్యూటీ మరో ఊళ్లో ఉన్నవాళ్లం దాని మీదే బతుకుతాం. న్యూయార్క్‌లోని క్యూ గార్డెన్స్‌లో ఒకే గదిలో అంతస్తుల మంచాల మీద వంతులవారీగా నిద్రపోయి, సెలవు రాగానే ఆ కుర్చీ పట్టుకుని ఇంటికి పోతాం. 10,000 అడుగుల లోపు కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాట మాట్లాడకూడదని 1981 నాటి నిబంధన. అభ్యర్థి కళ్లు ఎత్తు చూపే సూచిక మీదే ఉంటాయి. 10,000 దాటిందో లేదో, వెనక నుంచి సన్నగా వినిపిస్తుంది: “మీరు ఈ సంస్థలో చేరి ఎన్నాళ్లయిందండీ?” కెప్టెన్‌కు విషయం అర్థమవుతుంది. ఆ వారంలో ఆ ప్రశ్న వినడం ఆయనకు మొదటిసారి కాదు. మిగతా ప్రయాణమంతా ఆయన పడవ గురించి, ఆయన మోకాలి ఆపరేషన్ గురించి, ఆయన మొదటి విడాకుల గురించి నేను ఎంతో శ్రద్ధగా వింటాను. దిగేటప్పుడు “మెయిల్ పెట్టు, చూద్దాం” అంటారు.

మెయిల్ పెడితే జవాబు వస్తుంది. “నాకు తీరిక లేదు. నువ్వే రాసి పంపు, నేను అందులో అతికిస్తాను.” ఒక రాత్రి హోటల్ గదిలో కూర్చుని, ఇతని వినయం అసామాన్యం అని నా గురించి నేనే రాసుకున్నాను. మొదట అపారం అని రాశాను. మరీ ఎక్కువవుతుందేమోనని తగ్గించాను.

ఉద్యోగ మేళాలూ ఉన్నాయి. నల్ల సూట్లు, పొడుగాటి వరస, చివర రెండు మూడు నిమిషాల కరచాలనం. ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నకు ఏ కథ చెప్పాలో నేర్పి వందల డాలర్లు పుచ్చుకునే సలహాదారులు సరే సరి. వారికి వేరే లేఖ రాస్తాను.

తిరుమల బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే లేఖ కోసం మా మేనమామ తిరిగిన తిరుగుడు చూసి చిన్నప్పుడు నేను తెగ నవ్వేవాడిని. అమెరికాలో ఇలాంటివి నడవవు, అక్కడంతా ప్రతిభే అని పెద్దలు చెప్పగా నమ్మి పెరిగిన తరం మాది. ఇప్పుడు మామయ్య వారం వారం ఫోను చేస్తాడు. “ఏరా అల్లుడూ, నీ లేఖ ఎంతదాకా వచ్చింది?” నేను నీళ్లు నములుతుంటే ఆయనే ఓదారుస్తాడు. “ఆ ఎమ్మెల్యే నన్ను ఎరుగడు, నా భక్తిని అంతకన్నా ఎరుగడు. అయినా సంతకం పెట్టాడు, నేను స్వామిని చూశాను. నువ్వూ నామోషీ పడకుండా అడుగు.” ఒక్క తేడా మాత్రం ఆయనకు చెప్పాను. వైకుంఠ ఏకాదశికీ బ్రహ్మోత్సవాలకూ సిఫారసు లేఖలు తీసుకోబోమని దేవస్థానంవారు ప్రకటిస్తారు. తమరికి అలాంటి సెలవు ఒక్కటీ లేదు.

సెలవు లేకపోయినా, ఒకసారి తమరి ప్రాభవం కాస్త తగ్గింది. కరోనా కాలంలో పెద్ద కెప్టెన్లకు ముందస్తు విరమణ ఇచ్చి ఇంటికి పంపిన సంస్థలు 2022, 2023లో పైలట్ల కోసం ఎగబడ్డాయి. అప్పుడు తమరిని ఎరుగనివారు కూడా లోపలికి వెళ్లారు, వారు నడిపిన విమానాలు చక్కగానే దిగాయి. 2024లో కొత్త విమానాలు బోయింగ్ నుంచి వేళకు రాకపోవడంతో నియామకాలు మందగించాయి. తమరు మళ్లీ పల్లకీ ఎక్కారు.

తమరు అందరికీ సమానంగా అందుతారని మాత్రం అనకండి. తాత పైలట్, తండ్రి పైలట్, పెదనాన్న శిక్షణ కెప్టెన్ అయిన ఇళ్లు ఈ దేశంలో ఉన్నాయి. ఆ ఇంటి పిల్లవాడికి తమరు బారసాల నాడే ఉయ్యాలలో దొరుకుతారు. అతడిని తప్పు పట్టను, అతడూ 1500 గంటలు ఎగిరే వచ్చాడు. మా బంధువర్గం సంగతి వినండి. డల్లాస్‌లో బాబాయి డేటాబేసులు చూస్తాడు. న్యూజెర్సీలో పిన్ని గుండె వైద్యురాలు. అట్లాంటాలో బావ కన్సల్టెన్సీ నడుపుతాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కావాలంటే తెలుగువారి మహాసభల్లో భోజనాల వరసలో నిలబడితే చాలు, పప్పు వడ్డించేలోగా రిఫరల్ దొరుకుతుంది. నేను పైలట్‌నంటే మాత్రం అందరూ ముచ్చటపడి ఒకటే అడుగుతారు, హైదరాబాద్‌కు టికెట్ చవకగా ఇప్పించగలనా అని.

ఇంత తొందర దేనికి, ఇవాళ కాకపోతే ఆరు నెలల తర్వాత వద్దువుగాని అంటారా? సీనియారిటీ గురించి తెలియనట్టు మాట్లాడకండి. పెద్ద సంస్థలో చేరిన తేదీ ఒక సంఖ్యగా మారుతుంది. ఏ విమానం, ఏ ఊరు, క్రిస్మస్ ఇంట్లోనా హోటల్లోనా, కెప్టెన్ అయ్యేది ఎప్పుడు, కష్టకాలంలో ముందుగా ఇంటికి పంపేది ఎవరిని, అన్నీ ఆ సంఖ్యే చెబుతుంది. 65 ఏళ్లకు చట్టం దించేసేదాకా (2007 డిసెంబరుకు ముందు 60కే దించేవారు) నాకన్నా నెల ముందు చేరినవాడు నాకన్నా ముందే. నేను అతడికన్నా బాగా నడిపితే? సంతోషం, బాగా నడుపు. ఒకే రోజు చేరినవారిలో ఎవరు ముందన్నది కొన్ని సంస్థలు వయసును బట్టి తేలుస్తాయి, మరికొన్ని సోషల్ సెక్యూరిటీ సంఖ్య చివరి అంకెలను బట్టి తేలుస్తాయి. లోపల ఎవరి అభిప్రాయానికీ చోటివ్వనంత కరడుగట్టిన లెక్క పెట్టుకున్న వృత్తి, గుమ్మం దగ్గర మాత్రం ఎవరో ఒకరి అభిమానం చూపించమంటుంది. ముప్పై ఏళ్ల బతుకును నడిపే ఆ తేదీ ఆ అభిమానాన్ని బట్టి వెనకో ముందో అవుతుంది. నేను కెప్టెన్లకు కొనిపెట్టే కాఫీకి ధర ఎవరైనా లెక్కగడితే బాగుండు.

తమరిలో న్యాయం బొత్తిగా లేదనను. 1978 డిసెంబరు 28న పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 కూలింది. చక్రాలు సరిగ్గా దిగాయో లేదోనన్న ధ్యాసలో గాలిలో చక్కర్లు కొడుతూ ఉండగా ఇంధనం అయిపోయింది, పది మంది చనిపోయారు. ఇంధనం తగ్గుతోందని ఫ్లైట్ ఇంజనీరుకు తెలుసు, అన్నాడు కూడా. కెప్టెన్ చెవికి ఎక్కేంత గట్టిగా అనలేకపోయాడు. ఆ తర్వాత 1981లో అదే సంస్థ, కాక్‌పిట్‌లో ఒకరి మాట ఒకరు వినడం నేర్పే శిక్షణ మొదలుపెట్టింది. ఇప్పుడు అది అందరికీ తప్పనిసరి. వినే గుణానికి లాగ్‌బుక్‌లో గడి లేదు, డేటాబేసుకూ అది అందదు. తలుపు వేసిన గదిలో నాలుగు రోజులు పక్కన కూర్చున్నవాడికే తెలుస్తుంది. అందుకే పక్కవాడిని అడిగి చూద్దామని ఎవరికో తోచి ఉంటుంది. మంచి ఆలోచన. కానీ తమరు అడుగుతున్నది పక్కవాడిని కాదు, పైవాడిని. పైవాడి ముందు ఎవడు వినయంగా ఉండడు?

నేను ఎలాంటివాడినో కావాలంటే, నాకు ఒరగబెట్టేది ఏమీ లేనివారిని అడగండి. మూడు గంటల ఆలస్యం తర్వాత నేను ఏ గొంతుతో మాట్లాడానో గేటు ఏజెంటు చెబుతుంది. భోజనం దొరకని రోజున ఉన్న ఒక్క పొట్లం ఎవరు తిన్నారో ఫ్లైట్ అటెండెంట్ చెబుతుంది. రెక్కల మీద మంచు కరిగించే ద్రవం చల్లే కుర్రవాడు, వేకువజామున హోటల్ వ్యాను నడిపే ముసలాయన, నా కింది మంచం మీద పడుకునే సహచరుడు, అందరూ సాక్ష్యానికి సిద్ధమే. (గురక సంగతి ఒక్కటి మినహాయించాలి.) ఏ ఉద్యోగి రాసినా తీసుకుంటామనే సంస్థలు ఉన్నాయి లెండి. తూకంలో మాత్రం పైలట్ మాటే మొగ్గుతుంది.

ఈ సవరణ తమరు పరిశీలించేలోగా నేను ఆచారం తప్పను. వచ్చే వారం ఒక కెప్టెన్ దగ్గరికి తీసుకువెళతానని స్నేహితుడు మాట ఇచ్చాడు. ఆయనకు చేపలు పట్టడం ఇష్టమట. ఏ చేపకు ఏ ఎర వాడతారో చదువుతున్నాను.

ఇట్లు,
తమరి కటాక్షానికి ఎదురుచూస్తున్న
ఒక కుడి సీటు

జతపరచినవి: లాగ్‌బుక్ ప్రతి, వైద్య ధ్రువపత్రం, పదేళ్ల చిరునామాలు, ముందే రాసి ఉంచిన ధన్యవాద పత్రం (పేరు రాసే చోటు ఖాళీగా వదిలాను).