కాపరి తగ్గింపును సంఘం ఎలా కొలవాలి?

తెలుగు క్రైస్తవ సంఘాల్లో కాపరి తగ్గింపును అంచనా వేయడానికి మనం వాడే కొలమానాలు చాలా పైపైనవి. తెల్లని దుస్తులు, మెత్తని మాట, ఎదురైన ప్రతి ఒక్కరికీ తానే ముందుగా వందనాలు చెప్పడం, ప్రార్థనలో తనను అయోగ్యుడైన దాసుడనని చెప్పుకోవడం వంటివి చూసి ఫలానా అయ్యగారు ఎంతో తగ్గింపు గలవారని విశ్వాసులు తీర్మానించేస్తారు. అదే అయ్యగారు మరొకరి సంతకం లేకుండా సంఘం ఖాతాలోంచి డబ్బు తీయగలరా, ఆయన నిర్ణయాన్ని ఆపగలిగినవారు సంఘంలో ఒక్కరైనా ఉన్నారా అని అడిగేవారు అరుదు. మనిషి హృదయంలో ఎంత వినయం ఉందో దేవుడికే తెలియాలి. సంఘానికి తెలియవలసినదల్లా ఆయనకు 'వద్దు' అని చెప్పే అధికారం ఎవరికి ఉందన్నదే.

ఈ విషయంలో బిషప్ అజరయ్య జీవితం ఇప్పటికీ పరిశీలించదగినది. తిరునల్వేలి ప్రాంతానికి చెందిన ఈ తమిళుడు 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య మిషనరీలు భారతీయుల కోసం ఆస్తులూ ప్రాణాలూ ధారపోసినా వారిని సమానులుగా చూడలేకపోయారని ముఖం మీదే చెప్పి, మాకు స్నేహితులు కావాలని కోరాడు. ఆ మాటలు అక్కడ చాలామందికి రుచించలేదు. 1912 డిసెంబరు 29న ఆయన కలకత్తాలో ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘ సంప్రదాయపు) సంఘానికి తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొంది, నిజాం రాజ్యంలోని దోర్నకల్ కేంద్రంగా తెలుగు ప్రాంతానికి అధ్యక్షుడయ్యాడు. నిన్నటిదాకా అధికారాన్ని ప్రశ్నించినవాడి చేతికే అధికారం వచ్చింది. పైగా ఆయన కింద ఉన్నవారిలో అత్యధికులు ఊరికి దూరంగా బతికిన మాల, మాదిగ కుటుంబాలవారు. చదువు, భాష, కులం అన్నింటిలోనూ ఆయనదే పైచేయి.

ఆయన మెతక మనిషేమీ కాదు. క్రమశిక్షణలో కఠినంగానే ఉండేవాడు, ఆ పాలనలో పెద్దరికపు ఛాయలు లేవనలేం. అయినా తెలుగు నేర్చుకుని, ఊరూరా తిరిగి, పేద సంఘాలు సైతం తమ కాపరిని తామే పోషించుకోవాలని పట్టుబట్టాడు. విదేశీ నిధులతో జీతం తీసుకునే కాపరి దాతకు జవాబుదారీ అవుతాడు గానీ ఊరివారికి కాడన్న లెక్క ఆయనకు బాగా తెలుసు. ఆయన మీద కలకత్తాలో మెట్రోపాలిటన్, అంటే బిషప్‌లకు పైనుండే ప్రధాన బిషప్, ఉండేవాడు. 1919లో తరంగంబాడిలో మొదలైన సంఘాల ఐక్యతా ప్రయత్నానికి ముందు నిలిచినవారిలో అజరయ్య ఒకడు. ఆ ప్రయత్నం ఫలిస్తే తన ఆంగ్లికన్ సంఘమే వేరొక దానిలో కలిసిపోతుందని తెలిసి కూడా 1945 జనవరి 1న కన్నుమూసేదాకా దాన్ని వదల్లేదు. ఆ ప్రయత్నం ఫలించి, పలు సంఘాలు కలిసిన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. తన పీఠానికి ఉన్న ప్రత్యేకతను తానే కరగబెట్టుకోవడానికి సిద్ధపడే నాయకులు ఏ కాలంలోనూ ఎక్కువమంది ఉండరు.

ఏ పెద్ద సంఘ వ్యవస్థకూ చెందని ఇప్పటి స్వతంత్ర సంఘాల పరిస్థితి వేరు. ఒక్క మనిషి ప్రార్థనతో, అప్పులతో, కుటుంబం చేసిన త్యాగంతో మొదలైన మందిరం ఇరవయ్యేళ్లలో వందల కుటుంబాల సంఘమవుతుంది. స్థాపకుడి కష్టం నిజమైనదే, ఆయన పట్ల విశ్వాసులకున్న కృతజ్ఞత కూడా నిజమైనదే. చిక్కంతా ఆ కృతజ్ఞత క్రమంగా యాజమాన్య హక్కుగా మారడంలో ఉంది. సొసైటీగా నమోదైన సంఘానికి పాలకవర్గం, సర్వసభ్య సమావేశం కాగితం మీదైనా ఉండాలి కనుక ఉంటాయి. ఆ పాలకవర్గంలో భార్య, కుమారుడు, బావమరిది ఉంటే సమావేశం భోజనాల బల్ల దగ్గరే ముగిసిపోతుంది.

ఎవరైనా లెక్క అడిగితే వెంటనే వినిపించే వాక్యం ఒకటుంది: అభిషిక్తుని, అంటే దేవుడు నియమించినవాణ్ణి, ముట్టకూడదు. దావీదు తనను తరుముతున్న రాజైన సౌలును చంపక విడిచిపెట్టిన సందర్భాన్ని ఇందుకు ఆధారంగా చూపుతారు. అయితే ఆ సంఘటన ఉన్న బైబిలు అధ్యాయాన్ని చివరిదాకా చదివితే, సౌలు మీద చెయ్యి వేయని ఆ దావీదే గుహలోంచి బయటికి వచ్చి, కోసిన వస్త్రపు చెంగును పైకెత్తి చూపి, నన్ను ఎందుకు తరుముతున్నావని రాజును అందరి ముందూ నిలదీశాడు. తర్వాత అదే దావీదు రాజై తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త నేరుగా వెళ్లి గద్దించాడు. అంతియొకయలో పేతురును పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు. ప్రాణానికి హాని చేయవద్దన్న మాటను ప్రశ్న అడగవద్దన్న ఆజ్ఞగా మార్చినవారు ఈ మూడు సంఘటనల మీద ప్రసంగించడం మాత్రం నేను అంతగా వినలేదు.

నియమావళి మారినప్పుడు ఏమవుతుందో అమెరికాలోని సియాటిల్‌లో మార్స్ హిల్ సంఘం చూపించింది. 2007లో అధికారాన్ని కొద్దిమంది చేతుల్లోకి చేర్చేలా నిబంధనలు మారుస్తుంటే అభ్యంతరం చెప్పిన ఇద్దరు పెద్దలను తొలగించారు. ఆ తర్వాత కొన్నేళ్లు సంఘం శరవేగంగా పెరిగింది, అందుకే ఆ తొలగింపు చాలామందికి తప్పుగా తోచలేదు. 2014లో ముఖ్య కాపరి మీద ఆయన అహంకారం, కటువైన మాట గురించిన ఫిర్యాదులు ముదిరి ఆయన రాజీనామా చేయగా, నెలల్లోనే ఆ సంఘమే రద్దయింది. ఆయనను ముందుగానే ఆపగలిగినవారిని ఏడేళ్ల కిందటే బయటికి పంపేశారు కదా!

కమిటీలు ఉంటే చాలునా అంటే చాలదు. దక్షిణ ఇండియా సంఘంలో పాస్టరేట్ (ఒక కాపరి కింది సంఘాల) కమిటీలు, డయోసిస్ (ఒక బిషప్ పరిధి) కౌన్సిళ్లు, కాపరుల బదిలీలు అన్నీ ఉన్నా ఎన్నికల తగాదాలు, ఆస్తుల వ్యవహారాలు న్యాయస్థానాల దాకా వెళ్తూనే ఉన్నాయి. చిన్న ఊళ్లలో బాధ తిరగబడి కూడా కనిపిస్తుంది. నెల జీతానికి ఎదురుచూసే యువ కాపరిని డబ్బున్న సంఘపెద్ద ఇంటి పనివాడిలా నడిపిస్తుంటాడు. అర్ధరాత్రి రోగి ఇంటికీ, తెల్లవారి సమాధి కార్యక్రమానికీ, సాయంత్రం కుటుంబ ప్రార్థనకూ ఒక్కడే పరుగెత్తే ఆ మనిషికి సెలవంటూ ఉండదు, తన బాధ చెప్పుకునే చోటూ ఉండదు. మోషే ఉదయం నుంచి సాయంత్రం వరకు ఒక్కడే తీర్పు తీర్చడం చూసి మామ యిత్రో ఇది మంచిది కాదని, నీవూ ప్రజలూ నలిగిపోతారని చెప్పి, వెయ్యిమందికీ వందమందికీ యాభైమందికీ పదిమందికీ అధిపతులను ఏర్పరచమన్నాడు. పని పంచుకోవడం వల్ల మోషేకు విశ్రాంతి దొరికింది, అధికారమూ ఒక్కచోట పేరుకుపోలేదు. ఈ రెండూ కలిసే జరుగుతాయి.

డబ్బు విషయంలో పౌలు పాటించిన జాగ్రత్త మరీ ప్రస్తుతమైనది. యెరూషలేములోని పేదల కోసం చందా పోగైనప్పుడు, తన మీద ఎవరూ తప్పు మోపకుండా సంఘాలు ఏర్పరచుకున్న మనిషిని వెంట తీసుకెళ్తున్నట్లు కొరింథీయులకు రాశాడు. ప్రభువు దృష్టియందే గాక మనుష్యుల దృష్టియందు కూడా యోగ్యంగా ఉండాలన్నది ఆయన చెప్పిన కారణం. అపొస్తలుడికి అవసరమైన సాక్షి మన కాపరికి అవమానం ఎలా అవుతుంది? ఏటా కోత పండుగ ముగిశాక ఆదాయ వ్యయాల పట్టీని బయటివాడైన ఆడిటర్ సంతకంతో గోడకు అంటించడం, కాపరి జీతాన్ని ఆయన బంధువులు లేని కమిటీ నిర్ణయించడం ఏ సంఘానికైనా సాధ్యమైన పనులే.

స్త్రీల ఫిర్యాదుల సంగతి ఇంకా వెనకబడి ఉంది. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థ ఇలాంటి ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీని ఏర్పాటు చేయాలి. పాఠశాల, ఆసుపత్రి, టీవీ చానల్ నడిపే పరిచర్యలు చాలావరకు ఈ పరిధిలోకి వస్తాయి. ఆ కమిటీ సభ్యుల పేర్లు మందిరం నోటీసు బోర్డు మీద ఉన్నాయో లేదో వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఏ విశ్వాసి అయినా చూడవచ్చు, లేకపోతే ఎందుకు లేవని అయ్యగారినే అడగవచ్చు.