ఆరో నిప్పుల్

ఈ కారు కొనేటప్పుడు మా ఆవిడకి నేను చెప్పినవన్నీ నిజాలే. 40 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఇంగ్లండులో రోడ్ ట్యాక్స్ కట్టక్కర్లేదు. 2018 మే నుంచి ఇలాంటి వాటికి ఎమ్‌ఓటీ, అంటే ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. 1972 నాటి ఎమ్‌జీబీ స్పోర్ట్స్ కారు, ఎర్రటి ఎరుపు, టాపు మడిచి వెనక్కి పడేసుకోవచ్చు. పైగా మేముండే ఆబింగ్డన్‌లోనే తయారైంది. 1980లో ఫ్యాక్టరీ మూసేశారు గానీ, సొంతూరికొచ్చిన ఆడపిల్లని గుమ్మంలో నిలబెడతామా అన్నాను. ఆవిడ అంతా విని, "ట్యాక్సు లేదు, టెస్టు లేదు, బావుంది. మరి రిపేర్లో?" అంది. ఆ ఒక్క ముక్క నాకు వినపడలేదు.

మూడో నెలలో స్టీరింగు మొండికేసింది. ఇక్కడ అడుగడుగునా రౌండెబౌట్లు. మామూలు కారైతే మలుపు తిరిగాక చక్రాలు వాటంతటవే తిన్నగా అవుతాయి. నాది మాత్రం జాతరలో బొమ్మల కొట్టు దగ్గర ఆగిపోయిన పిల్లాడిలా అక్కడే ఉండిపోయేది, చెయ్యి పట్టుకుని లాక్కు రావాలి. వచ్చేటప్పుడు కిర్రుమని ఏడుపొకటి.

తప్పనిసరి కాకపోయినా భయపడి నేనే పరీక్షకి తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్కు బండి పైకెత్తి ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్, టక్. నన్ను లోపల కూర్చుని బ్రేకు తొక్కమన్నాడు. తొక్కాను. మళ్లీ టక్, టక్. బ్రేకు తొక్కినప్పుడు ఆ ఆట పోతే వీల్ బేరింగు, పోకపోతే కింగ్ పిన్ అట. "ఆఖరిసారి గ్రీజు ఎప్పుడు కొట్టారు?" అని అడిగాడు. "గ్రీజా?" అన్నాను నేను. ఆయన ఇంకేం అడగలేదు.

కింగ్ పిన్ అంటే గేటుకి బందు లాంటిది. ముందు చక్రం కుడికీ ఎడమకీ తిరిగేది ఆ నిలువు పిన్ను చుట్టూనే. ఇప్పటి కార్లలో దాని బదులు బాల్ జాయింట్లు వచ్చేశాయి గానీ, ఎమ్‌జీబీ మాత్రం చివరి బండి దాకా దాన్ని వదల్లేదు. పిన్నుకీ ఇరుసుకీ మధ్య పైనొకటి, కిందొకటి కంచు బుష్‌లు, అంటే పొట్టి గొట్టాల్లాంటి తొడుగులు, ఉంటాయి. ఒక్కో వైపు 3 చొప్పున మొత్తం 6 గ్రీజు నిప్పుల్స్, అంటే గ్రీజు గన్ను మూతి ఆనించే చిల్లు బుడిపెలు. 3,000 మైళ్లకోసారి వాటికి గ్రీజు పెట్టాలి. పెడితే ఏళ్ల తరబడి నోరెత్తదు. పెట్టకపోతే నాకు ఫోను చెయ్యి, అన్నాడు మా బాబాయి.

మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డు. లారీల వాళ్లకి కింగ్ పిన్ అంటే మనకి తలనొప్పి లాంటిది, నెలకోసారైనా ఎవరికో ఒకరికి వస్తుంది. వీడియో కాల్‌లో సంగతంతా విని, "లండన్ పోయి లారీ పని చేస్తున్నావంట్రా అబ్బాయ్?" అన్నాడు. (ఆబింగ్డన్ లండన్ కాదని పదేళ్లుగా చెబుతున్నాను. నేనే మానేశాను.) "కారే బాబాయ్" అన్నాను. "కారుకి కింగ్ పిన్నేంటి?" అని కాసేపు ఆశ్చర్యపోయి, నాకన్నా ఆయనే ఎక్కువ సంబరపడ్డాడు. ఆయన పెళ్లికి ఊరేగిన అంబాసిడర్‌కి మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనీ, ఆ బండి పుట్టిన కౌలీ మా ఇంటికి పది మైళ్ల లోపేననీ చెప్పాక, ఈ పని మన ఇంటి పనే అని తేల్చేశాడు.

మొదటి శనివారం ఒక్క నట్టు కూడా ఊడలేదు. నా పానాల సెట్టు మిల్లీమీటర్లది, బండి అంగుళాలది. అరంగుళం నట్టుకి 13 పట్టినట్టే పడుతుంది, బలం పెట్టగానే జారి మూలలన్నీ గుండ్రంగా చెక్కేస్తుంది. సాయంత్రానికి ఆరు పలకల నట్టుని గోలీకాయని చేశాను.

స్ప్రింగు సంగతి వేరు. ముందు చక్రం బరువంతా మోసే కాయిల్ స్ప్రింగు అది, అణిచిపెట్టిన కోపంలా ఉంటుంది. కింద స్ప్రింగు పళ్లేనికి జాకీ ఆనించి, పైన డాంపర్ (కుదుపుల్ని అణిచే భాగం) చేతికున్న బోల్టు తీసి, జాకీని ఇంచీ ఇంచీ దించాలి. "ముఖం దాని ఎదురుగా పెట్టమాకు, పక్కన కూర్చో" అని బాబాయి ఆటోనగర్ నుంచి అరుస్తుంటే, నేను జాకీ దింపుతూ, తెలిసిన దేవుళ్లందర్నీ పిలిచి తెలియనివాళ్ల దగ్గరికి వచ్చేసరికి స్ప్రింగు మెత్తగా దిగి ఒళ్లో కూర్చుంది. ఇంత మర్యాదస్తురాలని అనుకోలేదు.

కింది బోల్టు మాత్రం యాభై ఏళ్ల తుప్పుతో లోపలి గొట్టానికి అతుక్కుపోయింది. నూనె పోశాను, సుత్తితో కొట్టాను, రాత్రంతా నానబెట్టాను, ఆఖరికి ఆక్సా బ్లేడు పట్టి కోశాను. కొయ్యడానికి రెండు ఆదివారాలు పట్టింది. దాని గురించి ఇంతకంటే మాట్లాడదల్చుకోలేదు.

కొత్త బుష్‌లు ఎక్కించాక వాటిని పిన్ను కొలతకి రీమర్‌తో, అంటే చిల్లు లోపల తిప్పి గీకే పనిముట్టుతో, సాపు చెయ్యాలి. ఆ రీమర్‌ని మా పక్కింటి పెద్దాయన అరువిచ్చాడు. ఆయన దగ్గర ఇలాంటి బళ్లు రెండున్నాయి, రెండూ ఎప్పుడూ విప్పే ఉంటాయి. రీమర్‌ని సవ్య దిశలోనే తిప్పాలి, బయటికి తీసేటప్పుడు కూడా వెనక్కి తిప్పకూడదని మూడుసార్లు చెప్పాడు. గుళ్లో ప్రదక్షిణ లాంటిదన్నమాట అనుకున్నాను. పోతూపోతూ ఇంకో చిట్కా చెప్పాడు: బుష్‌ని ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లో పెడితే వెంట్రుకవాసి కుంచించుకుంటుంది, సులువుగా దూరుతుంది.

అన్ని అనర్థాలకీ మూలం అదే. నేను నాలుగు బుష్‌లనీ శుభ్రంగా కడిగి, ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో దాచాను. మన ఇళ్లలో ఐస్‌క్రీం డబ్బాలో ఐస్‌క్రీం ఉండదని లోకానికంతా తెలుసు. మా ఫ్రీజర్‌లో అలాంటివి ఐదున్నాయి. కొబ్బరి కోరు, కరివేపాకు, ఉడకబెట్టిన గోంగూర... పొద్దున్నే మా ఆవిడ గోంగూర అనుకుని నా డబ్బా తీసి, కరగడానికని స్టవ్వు పక్కన పెట్టి స్నానానికి వెళ్లింది.

నేను చూసేసరికి డబ్బా చెమటలు కక్కుతోంది. ఇంకొక్క క్షణం ఆగితే నా కంచు మళ్లీ ఉబ్బిపోతుందని, డబ్బా చంకన పెట్టుకుని షెడ్డులోకి పరుగు. వైసులో బిగించి, నొక్కి, నాలుగూ నాలుగు నిమిషాల్లో ఎక్కించేశాను. అంత వేగంగా నేను జీవితంలో ఏ పనీ చెయ్యలేదు. ఆ గర్వంలో ఉండగానే రీమింగ్ కూడా అయిపోయింది. సవ్య దిశలోనే.

ఆ తర్వాత వాషర్లు. పిన్ను పైకీ కిందికీ కదలకుండా, అలాగని బిగుసుకోకుండా, ఒకటి రెండు థౌల సందు మిగిలేలా రకరకాల మందాల వాషర్లు మార్చి చూడాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పెసరట్టు మందం గురించి మా ఆవిడ నన్ను ఎన్ని మాటలు అందో గుర్తొచ్చింది. నాకు వేళ్లలో ఇంత నైపుణ్యం ఉందని ఆవిడకి చూపించాలనిపించింది గానీ, గోంగూర విషయమై అప్పటికి మా మధ్య మాటల్లేవు.

నాలుగో ఆదివారానికి బిగింపు పూర్తయింది. మిగిలింది గ్రీజు. చక్రాలు గాల్లో ఉండగానే పెట్టాలి, లేకపోతే బరువు మోస్తున్న చోటికి గ్రీజు వెళ్లదు. ఫోను మడ్‌గార్డు మీద నిలబెట్టి బాబాయిని పిలిచాను, కొబ్బరికాయ కొట్టే ఘట్టం ఆయన చూడాలి కదా. ఒకటో నిప్పుల్‌కి గన్ను పెట్టి నొక్కాను. పాత నూనె, ఆ వెనకే కొత్త గ్రీజు అంచుల్లోంచి వెన్నలా బయటికొచ్చింది. రెండు, మూడు, నాలుగు, ఐదు. బాబాయి ఒక్కోదానికీ "ఆఁ, అదీ" అంటున్నాడు.

ఆరోది తాగనంది. నొక్కాను. గన్ను హ్యాండిలు రాయిలా ఉంది. రెండు చేతులతో, మోకాలు కూడా ఆనించి నొక్కాను. టప్పుమని గొట్టం ఊడి, అరచేతెడు గ్రీజు ఎగిరి సరిగ్గా ఫోను మీద పడింది. ఆటోనగర్‌లో మా బాబాయి అదిరిపడి వెనక్కి జరిగి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

తుడుచుకున్నాక ఆయనకే అర్థమైంది. ఇద్దరం కాసేపు ఏమీ అనలేదు. నల్లటి తెర వెనక నుంచి గొంతు మాత్రం వచ్చింది.

"ఒరే అబ్బాయ్. ఆ నిప్పుల్ విప్పి లోపలికి టార్చి కొట్టు. ఏం కనపడుతోంది?"

కొట్టాను. నిప్పుల్ చిల్లుకి ఎదురుగా బుష్‌కున్న చిల్లు ఉండాలి. అక్కడ నిగనిగలాడుతూ కంచు గోడ ఉంది. గ్రీజు లేక పాడైన పిన్నుని మార్చడానికి నాలుగు వారాలు పాట్లు పడి, గ్రీజు వెళ్లే దారికే గోడ కట్టాను.

"చిల్లుకి చిల్లు చూసుకోలేదా?"

"గోంగూర కరిగిపోతుంటేనూ..." అన్నాను. ఆ వాక్యాన్ని బాబాయికి వివరించడానికి స్ప్రింగు దింపినంత సేపు పట్టింది.

మళ్లీ విప్పాను. ఈసారి పానాలు అంగుళాలవి, బోల్టు కొత్తది, స్ప్రింగు పాత స్నేహితురాలు. నాలుగు ఆదివారాల పని గంటన్నరలో ఊడింది. కొత్త బుష్ తెప్పించి ఫ్రీజర్‌లో పెట్టాను. ఇంట్లో మాటలు మొదలయ్యాయి కూడా. మా ఆవిడే డబ్బాలన్నిటికీ కాగితాలు అంటించి, పెద్దక్షరాలతో పేర్లు రాసింది. ఫ్రీజర్‌లో తడికి కాగితాలు నిలవవని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి మనవాళ్లు రెండు కుటుంబాలు వస్తున్నారు. ఈలోగా పని కానిచ్చేద్దామని పొద్దున్నే డబ్బా పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. వైసు తెరిచి ఉంచాను. నిప్పుల్ చిల్లుకి సరిగ్గా ఎదురుగా సుద్దముక్కతో గీత కూడా గీశాను. నిదానంగా, ఏ తొందరా లేకుండా మూత తీశాను.

గోంగూర.

వంటింట్లోంచి కుక్కర్ మూత బిగించిన చప్పుడు వినిపించింది.