జోహ్రా సెహగల్‌ను నిలబెట్టిన నెల జీతం

జోహ్రా సెహగల్ పేరు చెబితే మన ప్రేక్షకులకు ముందుగా గుర్తుకొచ్చేది 2007లో వచ్చిన ‘చీనీ కమ్’లో అమితాబ్ బచ్చన్‌కు తల్లిగా వేసిన పాత్ర. అప్పటికి ఆమెకు 95 ఏళ్లు. 2014 జూలై 10న ఢిల్లీలో 102 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళుల్లో చాలావరకు ఆ వయసు గురించీ, ఆ చిలిపి నవ్వు గురించీ చెప్పి ఊరుకున్నాయి. ఆ మెచ్చుకోలు న్యాయమైనదే గానీ, ఒక నటి ఏడు దశాబ్దాలకు పైగా వృత్తిలో ఎలా నిలబడగలిగిందన్న అసలు ప్రశ్న దాని చాటున మరుగున పడిపోయింది. విజయవాడ, గుంటూరు నాటకరంగాన్ని దగ్గరగా చూస్తున్నవారు తప్పక వేసుకోవలసిన ప్రశ్న అది. ఆమెకు వయసులో ఉండగా దొరికిన కఠినమైన శిక్షణ, ఆ తర్వాత బొంబాయి నాటక సంస్థ పృథ్వీ థియేటర్స్ పద్నాలుగేళ్లపాటు ఇచ్చిన నెల జీతం, ఈ రెండూ లేకపోతే ఆ ఉత్సాహం ఎంతటిదైనా అన్నేళ్లు నిలిచేది కాదని నా అభిప్రాయం.

1912లో సహారన్‌పూర్‌లో సంప్రదాయ పఠాన్ కుటుంబంలో పుట్టిన జోహ్రా, లాహోర్‌లో చదువు ముగించుకుని, మేనమామతో కలిసి కారులో ఇరాన్, పాలస్తీనా మీదుగా ప్రయాణించి, ఆ తర్వాత ఓడలో యూరప్ చేరింది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో మేరీ విగ్‌మన్ నాట్య పాఠశాలలో మూడేళ్లు ఆధునిక నృత్యం నేర్చుకుంది. ఇది 1930ల మొదట్లో సంగతి. సరిగ్గా ఆ కాలంలో మన ప్రాంతపు వేదికను ఏలుతున్న సత్యభామ ఒక పురుషుడు, స్థానం నరసింహారావు. బాపట్లలో పుట్టిన ఆ మహానటుడి ప్రతిభ ముందు ఎవరైనా తలవంచవలసిందే. అయినా అంత గొప్ప స్త్రీ పాత్రలను పురుషులే ధరించవలసి రావడం వెనుక, ఆడపిల్ల రంగస్థలం ఎక్కితే కుటుంబానికి తలవంపులన్న సంఘపు తీర్పు ఉంది. ఇంటిల్లిపాదీ నటించే సురభి సమాజాల వంటివి ఆ తీర్పుకు మినహాయింపుగా నిలిచాయి. జోహ్రా పుట్టి పెరిగిన సంఘం కూడా అంతకంటే ఉదారమైనదేమీ కాదు.

1935లో ఆమె నాట్యకారుడు ఉదయశంకర్ బృందంలో చేరి జపాన్, ఈజిప్టు, యూరప్, అమెరికాలలో ప్రదర్శనలిచ్చింది. తర్వాత అల్మోరాలో ఆయన నెలకొల్పిన కేంద్రంలో నాట్యం బోధించింది, అక్కడే పరిచయమైన కామేశ్వర్ సెహగల్‌ను 1942లో పెళ్లి చేసుకుంది. లాహోర్‌లో సొంతంగా పెట్టుకున్న నృత్య పాఠశాల మతోద్రిక్తతల మధ్య సాగక, దంపతులు బొంబాయి చేరారు.

1945లో పృథ్వీరాజ్ కపూర్ నడుపుతున్న పృథ్వీ థియేటర్స్‌లో ఆమె నెలకు 400 రూపాయల జీతంతో చేరింది. అప్పటికే అక్కడ ఆమె చెల్లెలు ఉజ్రా కథానాయిక. విదేశాల్లో పేరు తెచ్చుకుని వచ్చిన అక్కకు దక్కినవి ఎక్కువగా సహాయ పాత్రలు, నృత్య దర్శకత్వం. ఆ స్థానాన్ని ఆమె ఒప్పుకుని పద్నాలుగేళ్లు పనిచేసింది. బృందమంతా ఊరూరా రైళ్లలో తిరిగేది. మతాల మధ్య మంట రేగిన రోజుల్లో ‘దీవార్’, ‘పఠాన్’ వంటి నాటకాలు ఆడేది. ప్రదర్శన అయ్యాక పృథ్వీరాజ్ ద్వారం దగ్గర జోలె పట్టి, తలవంచుకుని నిలబడేవాడు. సినిమాల్లో ఆయన సంపాదించిన సొమ్ములో పెద్ద భాగం ఈ సంస్థకే ఖర్చయ్యేది. అందువల్ల నటీనటులకు ప్రదర్శన ఉన్న రోజూ లేని రోజూ జీతం నడిచేది. లేని రోజున సాధన ఉండేది. ఒకే నాటకాన్ని ఏళ్లతరబడి రకరకాల ఊళ్లలో, రకరకాల ప్రేక్షకుల ముందు ఆడితే గొంతుకు వచ్చే పట్టు, మాటకూ మాటకూ మధ్య ఎంతసేపు ఆగాలో తెలిసే ఇంగితం వేరే ఏ దారిలోనూ రావు. తొంభై దాటాక కూడా ఆమె ఉర్దూ కవి హఫీజ్ జలంధరీ కవిత చదువుతుంటే సభ ఊపిరి బిగపట్టి విన్నదంటే, ఆ పట్టు ఇక్కడ సంపాదించుకున్నదే.

ఆమె సభ్యురాలిగా ఉన్న వామపక్ష నాటక సంఘం ఇప్టా 1943లో బొంబాయిలో ఏర్పడింది. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అదే ఉద్యమం ప్రజానాట్యమండలి పేరుతో నడిచింది. మోటూరు ఉదయం వంటి స్త్రీలు బుర్రకథ దళం కట్టి పల్లెపల్లెకూ తిరిగారు. ఇప్టా తీసిన ‘ధర్తీ కే లాల్’లోనూ, 1946లో కేన్స్‌లో అత్యున్నత బహుమతి పంచుకున్న ‘నీచా నగర్’లోనూ జోహ్రా నటించింది. ఆ చిత్రాల తర్వాత కూడా ఆమెకు ఇల్లు రంగస్థలమే. మన దగ్గర కథ ఇంకోలా నడిచింది. దుగ్గిరాలలో పెరిగి నాటకాలాడిన జమునకు ప్రజానాట్యమండలి సారథి గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’తో సినిమా దారి చూపారు. చిర్రావూరులో పుట్టిన సావిత్రి విజయవాడ వేదికల మీదుగా మద్రాసు చేరింది. వాళ్లు వెళ్లినందుకు తప్పుపట్టడం అన్యాయం. వాళ్లను నిలుపుకోగల జీతం ఇక్కడి నాటకం ఇవ్వలేకపోయింది.

1959లో భర్త మరణించాక, ఇద్దరు పిల్లలున్న జోహ్రా 1962లో ఉపకారవేతనంపై లండన్ వెళ్లింది. యాభై ఏళ్ల వయసులో, అప్పటికే అంత చరిత్ర ఉన్న నటి, ఓల్డ్ విక్ నాటకశాలలో నటులకు దుస్తులు తొడిగే పని చేసింది. 1965లో బీబీసీ ‘డాక్టర్ హూ’లో చిన్న వేషం వేసింది. ‘ది జ్యుయెల్ ఇన్ ది క్రౌన్’తో బ్రిటిష్ ప్రేక్షకులకు బాగా తెలిసేసరికి 1984 వచ్చింది, ఆమెకు డెబ్భై దాటాయి. భారతీయ నటికి అక్కడి తెరపై దొరికే పాత్రలు ఎంత ఇరుకైనవో ఆ ఇరవై ఏళ్ల నిరీక్షణే చెబుతుంది. 1993లో లాహోర్‌కు చెందిన అజోకా థియేటర్, కాలక్రమంలో సరిహద్దుకు చెరోవైపు ఉండిపోయిన జోహ్రా, ఉజ్రాలను ‘ఏక్ థీ నానీ’ అనే నాటకంలో ఒకే వేదికపైకి తెచ్చింది. ఆమె జీవితంలో పద్మవిభూషణ్ కంటే పెద్ద గౌరవం అదేనని నేను అనుకుంటాను.

ఇప్పుడు మన వేదికల సంగతి. నాటక పరిషత్తు పోటీల రోజున విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం తెర వెనకకు వెళ్లి చూడండి. బస్సు దిగి నేరుగా మేకప్ గదికి వచ్చిన నటి ఒక చేత్తో కొప్పు సవరించుకుంటూ, రెండో చేతిలోని సెల్‌ఫోన్‌లో తన డైలాగులు చదువుకుంటూ ఉంటుంది. ఒకటి రెండు రిహార్సల్స్‌తో వేదిక ఎక్కక తప్పదు. ఆడ వేషానికి మనిషి దొరక్క, ఒక సమాజం నటిని మరో సమాజం కూడా పిలుచుకుంటుంది. పరిషత్తుల కాలం నడుస్తున్నంతసేపు ప్రదర్శనకింత అని పారితోషికం, దారి ఖర్చులు. అది దాటితే సీరియల్ పిలుపు కోసమో, మరో ఉపాధి కోసమో ఎదురుచూపు. ఇంత ఇబ్బందిలోనూ వాళ్లు ఉత్తమ నటి బహుమతులు అందుకుంటున్నారంటే అది వాళ్ల గొప్ప. దాన్ని మన నాటకరంగం ఘనతగా చెప్పుకోవడం నాకు నచ్చదు.

2023 డిసెంబరులో గుంటూరు శ్రీవేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నంది నాటకోత్సవాలు జరిగినప్పుడు జనం వచ్చారు, బహుమతులు ఇచ్చారు, సంతోషం. కానీ పోటీకి పెట్టిన ఖర్చు నటికి మరుసటి నెల పని ఇవ్వదు. పక్కనే ఉన్న కర్ణాటకలో 1989లో బి.వి. కారంత్ సారథ్యంలో ప్రభుత్వం మైసూరులో రంగాయణ అనే నాటక సంస్థను స్థాపించి, నటీనటులను జీతంపై తీసుకుని, శిక్షణతో పాటు ప్రదర్శనలు చేయించింది. ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాలకు 1964 నుంచీ రెపర్టరీ, అంటే శాశ్వత నాటక బృందం, ఉంది. రెండు వైపులా ఇన్ని సమాజాలు, రచయితలు, ఇంత పరిషత్తుల చరిత్ర ఉన్న విజయవాడ, గుంటూరు మధ్య ఇరవైమంది కళాకారులతో, అందులో సగం మంది స్త్రీలతో, కనీసం అయిదేళ్లు నెల జీతం ఇచ్చే ఒక బృందాన్ని ప్రభుత్వం నడపడం అసాధ్యమేమీ కాదు. దానికి కావలసిన వేదికలు ఈ రెండు నగరాల్లో ఇప్పటికే ఉన్నాయి. రావలసింది బడ్జెట్‌లో ఒక పద్దు, ఆ పద్దును ఏటా కాపాడే ఒక ఉత్తర్వు.