చావు పోరు కాదది: దుప్పుల గురించి తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

"తిరుమల కొండల్లో దుప్పుల చావు పోరు" అంటూ ఒక వీడియో తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కింద రాసిన మాటలివి: చలికాలం రాగానే మగ దుప్పులు ఆడదాని కోసం చచ్చేదాకా కొట్టుకుంటాయి. ఓడినదాని కొమ్ములు ఊడిపోతాయి. గెలిచింది మందంతటికీ మొగుడవుతుంది. కొమ్ముకున్న కొనలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది. పోరులో ఉన్నప్పుడు పక్కన మనిషి నిలబడ్డా పట్టించుకోవు. ఈ చివరి మాట నమ్మి ఎవరైనా దగ్గరికి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు వీడియో సంగతి. అందులోని జంతువుకు ఒంటిమీద చుక్కల్లేవు, మెడ నిండా జూలు, ఒక్కో కొమ్ముకు ఐదారు కొనలు. అది యూరప్‌లో ఉండే ఎర్ర దుప్పి. శేషాచలంలో తిరిగే చుక్కల దుప్పికి ముసలిదయినా చుక్కలు పోవు. కణితి అంటే సాంబార్ అనే మరో రకం దుప్పి, దానికి చుక్కలుండవు. ఈ రెండింటికీ ఒక్కో కొమ్ముకు మామూలుగా మూడే కొనలు.

చలికాలం అన్నది కణితికి కొంత సరిపోతుంది, వాటి జోరు, అంటే జతకోసం పోటీపడే కాలం, ఎక్కువగా నవంబరు, డిసెంబరుల్లోనే. చుక్కల దుప్పికి మాత్రం కాదు. అవి ఏడాది పొడుగునా ఈనుతాయి, పోతుల అరుపులు, కుమ్ములాటలు వేసవిలో ఎక్కువ. పోతులన్నిటికీ ఒకేసారి కొమ్ములు గట్టిపడవు కూడా. ఒకే మందలో ఒకదానికి గట్టి కొమ్ములుంటే, పక్కదానికి ఇంకా నూగు చర్మం కప్పిన మెత్తని కొమ్ములుంటాయి. ఆ మెత్తని కొమ్ముల్లో నెత్తురు పారుతుంటుంది, తగిలితే నొప్పి. అందుకే ఆ దశలో ఎంత పెద్ద పోతయినా గట్టి కొమ్ములున్నదానికి దారి వదులుతుంది.

ఇక "చచ్చేదాకా" అన్న మాట. పోటీలో ఎక్కువ భాగం కొమ్ము తగలకుండానే తేలిపోతుంది. పోతు ముందు అరుస్తుంది, గిట్టలతో నేల గీకుతుంది, చిన్న చెట్లకు కొమ్ములు రుద్దుతుంది, వెనక కాళ్లమీద లేచి కొమ్మలకు తల రాసి వాసన అంటిస్తుంది. ఎదుటిది తగ్గకపోతే రెండూ వెంట్రుకలు నిక్కబొడుచుకుని పక్కపక్కనే బిగుసుకుని నడుస్తాయి. ఒంటి పరిమాణం, కొమ్ముల పొడవు కొలుచుకోవడమే అది. చిన్నది అక్కడే తప్పుకుంటుంది. సమఉజ్జీలయితేనే కొమ్ములు పెనవేసి తోసుకుంటాయి. కాలు జారినది వెనక్కి తిరిగి పరుగెడుతుంది, గెలిచినది కొంత దూరం తరిమి ఆగిపోతుంది. చావులు లేవని కాదు. పొట్టలోనో మెడలోనో కొన దిగితే చావొచ్చు, కొమ్ములు చిక్కుకుని విడిపోకపోనూవచ్చు. కానీ అడవిలో అది అరుదు.

చావులు పెరిగేది కంచె లోపల. ఓడిన పోతు పారిపోవడానికి చోటుండదు, గెలిచినదాని కళ్లముందే మూలకు చిక్కుతుంది, అది మళ్లీ మళ్లీ పొడుస్తుంది. అందుకే దుప్పుల్ని సాకే చోట మేత ఒకే తొట్టిలో పెట్టకూడదు, రెండు మూడు చోట్ల దూరదూరంగా పెట్టాలి. ఒకదానికొకటి కనబడకుండా పొదలో తడికెలో అడ్డం ఉండాలి. తొంభై డిగ్రీల మూలలు లేకుండా కంచె గుండ్రంగా తిప్పాలి. పెత్తనం చేసే పోతును జోరు తగ్గేదాకా వేరుగా ఉంచాలి. కొమ్ములు కోయాల్సి వస్తే నూగు పూర్తిగా రాలి గట్టిపడ్డాకే, అదీ పశువైద్యుడి చేతే. నూగు మీద కోస్తే నెత్తురు ఆగదు.

ఓడితే కొమ్ములు ఊడవు. సంక్రాంతికి రంగంపేట పశువుల పండుగలో చూసే కోడె కొమ్ముకు లోపల ఎముక, పైన గట్టి తొడుగు, జీవితాంతం ఉంటుంది. మన రాష్ట్ర జంతువు కృష్ణజింకదీ అలాంటి కొమ్మే. దుప్పి కొమ్ము మొత్తం ఎముకే. ఒంట్లో మగ హార్మోను తగ్గినప్పుడు మొదలు దగ్గర ఎముక కరిగి, గెలిచినదానికయినా ఓడినదానికయినా రాలిపోతుంది, తర్వాత కొత్తది మొలుస్తుంది. రాలినదాన్ని ముళ్లపందులు, దుప్పులు సున్నం కోసం కొరుక్కుతింటాయి. దాన్ని అడవి నుంచి ఇంటికి తెచ్చుకోవద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది.

కొనల లెక్కతో వయసు చెప్పలేం. నాలుగేళ్ల పోతుకూ ఎనిమిదేళ్లదానికీ మూడేసి కొనలే. పొడవు మేతను బట్టి మారుతుంది, ముసలితనంలో తగ్గుతుంది కూడా.

"మందంతటికీ మొగుడు" అన్నదీ ఎర్ర దుప్పి నుంచి తెచ్చి అతికించిందే, అది ఆడవాటిని గుంపుగా కాపలా కాస్తుంది. చుక్కల దుప్పిపోతు ఎదకొచ్చిన ఒక్కదాని వెంటే ఉంటుంది, దాని ఎద తీరాక మరోదాన్ని వెతుక్కుంటూ పోతుంది.

మనిషిని పట్టించుకోవన్న మాటకొస్తే, ఓడిన పోతు చూడకుండా దూకుతుంది, దాని దారిలో ఉన్నవాళ్లకు కొమ్ము తగులుతుంది. నడకదారిలో పళ్లు, బిస్కెట్లు విసిరితే పోతులన్నీ ఒకే చోటికి చేరి, తిండి దగ్గరే కలబడతాయి. రెండు పోతులు బిగుసుకుని పక్కపక్కన నడుస్తూ కనిపిస్తే ఫోను తీయకుండా పిల్లల్ని దగ్గరికి లాక్కుని, వాటికి పారిపోయే దారి వదిలి కనీసం 30 మీటర్లు వెనక్కి జరగండి. గాయపడినదాన్ని చూస్తే తాకకుండా అటవీ సిబ్బందికి చెప్పండి.