సవరణ: మాండలికాల దూరాన్ని అక్షరాలతో లెక్కించడం గురించి

గత వారం గుంటూరు మాటకీ తెలంగాణ మాటకీ మధ్య దూరాన్ని లెక్కగట్టి చూపుతూ, ‘వచ్చాడు’, ‘వచ్చిండు’ అనే రూపాల మధ్య తేడా 33 శాతమని రాశాను. అది తప్పు. నేను రాతలోని అక్షరాలను లెక్కపెట్టాను: మూడింట ఒకటి మారింది కాబట్టి 33 అన్నాను. ఒక మాటను మరో మాటగా మార్చడానికి కనీసం ఎన్నిటిని మార్చాలో, చేర్చాలో, తీసేయాలో చూసి, ఆ సంఖ్యను పొడవైన మాట నిడివితో భాగించే ఈ పద్ధతిలో లెక్కించవలసినవి ధ్వనులు.

‘వచ్చాడు’లో ఏడు ధ్వనులు, ‘వచ్చిండు’లో సున్నను ణకారంగా తీసుకుంటే ఎనిమిది ఉన్నాయి, ‘ఆ’ స్థానంలో ‘ఇ’ని పెట్టి, ణకారాన్ని చేర్చితే మొదటిది రెండోది అవుతుంది, అంటే ఎనిమిదింట రెండు మార్పులు, 25 శాతం. (మన వైపు ‘వచ్చాడు’లోని దీర్ఘం ‘చా’కీ ‘చే’కీ నడుమ పలుకుతుంది, లిపి దాన్ని చూపదు, రాతను నమ్ముకుంటే వచ్చే చిక్కు ఇదే.)

ఈ కొలతను సోవియట్ గణితవేత్త లెవెన్‌స్టైన్ మాండలికాల కోసమే కనిపెట్టారని రాయడమూ పొరపాటే. 1965లో ఆయన దాన్ని ప్రతిపాదించింది సంకేతాలలో దొర్లే దోషాలను సరిదిద్దే సందర్భంలో. ఐరిష్ మాండలికాలకు దాన్ని వర్తింపజేసినవారు భాషాశాస్త్రవేత్త బ్రెట్ కెస్లర్, 1995లో. ఫ్రాన్సులో జాఁ సెగీ 1973 నాటికే గాస్కనీ మాండలికాలలో ఊరికీ ఊరికీ మధ్య భేదించే అంశాలను లెక్కించారు. భాషాశాస్త్రం బోధించే ఒక మిత్రుడు ఎత్తిచూపాక, ఈ రంగంలోని పరిచయ గ్రంథాలతో సరిచూసుకున్నాను.

విజయవాడ నుంచి ఒకరు ఆ శాతాన్ని ‘అర్థం కాని మాటల వాటా’గా తీసుకున్నారు. అది రూపభేదమే, ‘వచ్చిండు’ అంటే ఇక్కడ ఎవరికి తెలియదు?