పెట్రోవ్ గారూ, రిజిస్టర్ ఎందుకు రాయలేదు?

ఏటా సెప్టెంబరు 26 రాగానే వాట్సాప్‌లో ఓ ఫొటో తిరుగుతుంది. సోవియట్ లెఫ్టినెంట్ కల్నల్ స్తనిస్లావ్ పెట్రోవ్, ఆయన కింద 'ప్రపంచాన్ని కాపాడిన మనిషి' అని పెద్దక్షరాలు. దణ్ణాలు, పూలు, బానే ఉంది. మరి ఆ రాత్రి గడిచాక ఆయన్ని పిలిపించి "లాగ్‌బుక్ ఎందుకు రాయలేదు?" అని నిలదీశారే, ఆ పెద్దమనుషులకి ఒక్క దణ్ణమైనా పెట్టరా? ఇంత కృతఘ్నత పనికిరాదు.

1983. మాస్కోకి దక్షిణాన సెర్పుఖోవ్-15 అనే రహస్య స్థావరం. అర్ధరాత్రి దాటాక సైరన్ మోగింది. అమెరికా నుంచి ఒక క్షిపణి బయల్దేరిందని 'ఓకో' ఉపగ్రహ వ్యవస్థ చెప్పింది. కాసేపటికి ఇంకో నాలుగు అంది. పైవాళ్లకి 'దాడి' అని చెబితే వాళ్లేం చేసేవారో ఆ దేవుడికే ఎరుక (దేవుడు లేడని వాళ్ల పార్టీ ఎప్పుడో తేల్చేసింది, అది వేరే సంగతి). యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదంటే ఐదే పంపుతాడా అని పెట్రోవ్‌కి అనుమానం వచ్చింది. నేలమీది రాడార్లలోనూ ఏమీ లేదు. తప్పుడు అలారమని చెప్పి, గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాడు. తీరా చూస్తే, మేఘాల మీద పడ్డ ఎండని ఉపగ్రహం రాకెట్ మంట అనుకుంది.

విచారణలో రిజిస్టర్ సంగతి అడిగితే, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఇంటర్‌కమ్ ఉన్నాయి, మూడో చెయ్యి లేదన్నాడు. ఇదేం జవాబండీ? బాధ్యత గల ఉద్యోగైతే ఇలా రాసి ఉండేవాడు: "00:15 – క్షిపణి ఒకటి వచ్చుచున్నది. 00:17 – మరి నాలుగు వచ్చుచున్నవి. 00:40 – మనము లేము. సంతకము, హోదా, ముద్ర." ఎల్లుండి ఆడిట్‌వాళ్లు బూడిదలోంచి లేచొచ్చి 00:17కీ 00:40కీ మధ్య ఖాళీ ఎందుకుందని అడిగితే ఎవరు చెప్పాలి? బూడిదకి ఇన్వెంటరీ నంబరు వేశారా అని కూడా అడుగుతారు. అసలు కిటుకేమిటో పెట్రోవే తర్వాత చెప్పాడు: తనకి బహుమతి ఇస్తే, ఆ యంత్రం తయారుచేసిన పెద్దలకి శిక్ష వెయ్యాల్సొస్తుంది. కాబట్టి రిజిస్టర్!

అమెరికావాడు తక్కువ తిన్నాడా? 1979 నవంబరులో శిక్షణ కోసం తయారుచేసిన ఉత్తుత్తి యుద్ధం అసలు కంప్యూటర్లలోకి ఎక్కి, యుద్ధ విమానాలు లేచాయి. మరుసటేడు జూన్‌లో 46 సెంట్ల చిప్పు ఒకటి చెడిపోయి మళ్లీ అదే హడావిడి.

ఇహ గూఢచారుల ఘనత. అమెరికా ఎప్పుడో చెప్పాపెట్టకుండా అణుదాడి చేస్తుందని 1981లో, అప్పటి సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అధిపతి ఆంద్రోపోవ్ 'రియాన్' అనే నిఘా మొదలుపెట్టించాడు. లండన్‌లోని కేజీబీవాళ్లకి వచ్చిన పని: రాత్రిళ్లు రక్షణ శాఖ భవనంలో ఎన్ని కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయో చూడటం. ఊడ్చేవాళ్లు లైటార్పడం మర్చిపోతే మూడో ప్రపంచ యుద్ధం అన్నమాట. రక్తం కొనే ధర పెరిగిందేమో కూడా కనుక్కోమన్నారు. బ్రిటన్‌లో రక్తం ఉచితంగా ఇస్తారన్న ముక్క మాస్కోకి తెలీదు. ఇదంతా వట్టిదని లండన్‌వాళ్లకి తెలుసు, అయినా అడిగారు కాబట్టి పంపారు. పైగా ఆ ఆఫీసులోని గోర్దియెవ్‌స్కీ బ్రిటిష్‌వాళ్ల మనిషి. ఎవరి కిటికీలు లెక్కపెడుతున్నారో వాళ్లకే ఆ ఆదేశం చేరింది.

మాస్కోలో దీనికో కంప్యూటర్ కూడా. అమెరికా బలం 100 అనుకుని, తమకి 60 వస్తే క్షేమం, 40 దాటకపోతే గండం. పదో తరగతి లెక్కల పేపరు దిద్దినట్టు భూగోళాన్ని దిద్దారు.

కిటికీలంటే గుర్తొచ్చింది. పెట్రోవ్ రాత్రికి సరిగ్గా 25 రోజుల ముందు, సెప్టెంబరు 1న, న్యూయార్క్ నుంచి సియోల్ వెళ్తున్న కొరియన్ విమానం దారి తప్పి సోవియట్‌వాళ్ల సఖాలిన్ దీవి మీదికి వచ్చింది. వెంటపడ్డ సోవియట్ యుద్ధ విమానం పైలట్ ఒసిపోవిచ్‌కి రెండు వరుసల కిటికీలు కనబడ్డాయి. అది ప్రయాణికుల బోయింగ్ అని తెలిసిందనీ, కింద వాళ్లకి చెప్పలేదనీ, వాళ్లు అడగలేదనీ ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అడగలేదట! లండన్‌లో ఆఫీసు కిటికీలు చూసిరమ్మన్న రాజ్యానికి, ముందర ఎగురుతున్న విమానం కిటికీల గురించి అడగాలని తోచలేదు. 269 మంది. పసిపిల్లలున్నారందులో. కూల్చేశారు. మొదట మాకు తెలీదన్నారు, తర్వాత గూఢచారి విమానమన్నారు. సిగ్గులేని జాతి. రష్యన్లని అనడంలేదు, కుర్చీల్లో కూర్చున్న జాతిని అంటున్నాను.

ఆ విమానం బ్లాక్‌బాక్సులు వాళ్లకి కొద్ది వారాల్లోనే దొరికాయి. దాచేశారు. అమెరికా, జపాన్‌లని పక్కదారి పట్టించడానికి తమ ఓడలు ఇంకా వెతుకుతున్నట్టు నటిస్తున్నాయని రక్షణమంత్రి ఉస్తినోవ్, కేజీబీ కొత్త అధిపతి చెబ్రికోవ్ కలిసి, అప్పటికి దేశాధినేత అయిన ఆంద్రోపోవ్‌కి కాగితం రాసిచ్చారు. చచ్చిపోయినవాళ్ల తల్లిదండ్రులు ఒడ్డున ఏడుస్తుంటే సముద్రంలో నాటకం. ఆ కాగితాన్ని 1992లో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ బయటపెట్టాడు. నిలదీద్దామంటే అప్పటికి ఆంద్రోపోవూ లేడు, ఉస్తినోవూ లేడు, వాళ్లు కాపాడుతున్నామన్న దేశమూ లేదు.